పిల్లాణ్ణి సాకు పెట్టుకుని

అమెరికాలో బొమ్మల సినిమాకెళ్లాలనుకునే పెద్దమనిషికి ముందుగా కావాల్సింది టికెట్ కాదు, ఓ పిల్లో పిల్లాడో. సొంతవాళ్లు లేకపోతే అక్క కూతురో, పక్కింటి బాబో. ‘వీడి గోల పడలేక వచ్చాం’ అని ఎవరూ అడక్కముందే చెప్పేసుకోవడం ఆనవాయితీ. తీరా హాల్లో చూస్తే పిల్లాడు పాప్‌కార్న్ బకెట్లో తల దూర్చి ఉంటాడు, తండ్రి నోరు తెరుచుకుని తెరకేసి చూస్తుంటాడు.

విజిటర్ వీసా మీద వచ్చిన అమ్మానాన్నల సంగతి ఇంకో రకం. బొమ్మల సినిమాలు తీసే పిక్సార్ స్టూడియో సినిమాలు ఎక్కువగా వేసవి సెలవుల్లో దిగుతాయి, వీళ్లూ అప్పుడే దిగుతారు. 2009 మే 29న అక్కడ విడుదలైన ‘అప్’ సంగతే చూడండి. మనవడికి తోడెళ్లిన తాతగారికి ఆ యాస సగం అందదు. కానీ సినిమా మొదట్లోనే నాలుగు నిమిషాలకు పైగా మాటలుండవు, మైకేల్ జియాకినో సంగీతం మీద ఓ కాపురం సాగిపోతుంటుంది. కార్ల్, ఎలీ పాత ఇల్లు బాగుచేసుకుంటారు. పుట్టబోయే బిడ్డ కోసం గదికి రంగులేస్తారు. మరుక్షణం డాక్టరు గదిలో ఆమె చేతుల్లో ముఖం దాచుకుని ఉంటుంది. దూరదేశపు జలపాతం చూడాలని గాజు సీసాలో చిల్లర వేస్తుంటారు. టైరు పోయినప్పుడు, కాలు విరిగినప్పుడు, ఇంటిమీద చెట్టు పడ్డప్పుడు ఆ సీసా పగులుతుంది. ఆమె అతనికి టై కడుతూనే ఉంటుంది. టైలు మారతాయి, జుట్టు నెరుస్తుంది.

కాశీ వెళ్దామని దాచిన డబ్బు కూతురి పెళ్లికో, బోరుబావికో ఖర్చయిన మనిషికి దీనికి అనువాదం కావాలా?

పిక్సార్ త్రీడీలో తెచ్చిన మొదటి సినిమా అదే. ఆ నల్ల కళ్లజోడు ఎందరు నాన్నల పరువు కాపాడిందో! ఆ ఏడాది కాన్ చిత్రోత్సవం కూడా దీనితోనే మొదలైంది. ఓ యానిమేషన్ సినిమాకి ఆ గౌరవం దక్కడం అదే తొలిసారి. సూటూ బూటూ వేసుకొచ్చిన పెద్దలందరూ అవే జోళ్లు తగిలించుకుని కూర్చున్నారు.

బొమ్మల సినిమాకి పెద్దవాళ్లు ఏడవడం కొత్త జబ్బేం కాదు. ‘స్నో వైట్’ తీస్తున్నన్నాళ్లూ హాలీవుడ్ దాన్ని ‘డిస్నీ పిచ్చిపని’ అని వెక్కిరించింది. 1937 డిసెంబర్ 21న లాస్ ఏంజెలెస్ కార్తే సర్కిల్ థియేటర్లో తొలి ఆట వేస్తే, గీసిన బొమ్మ చచ్చిపోయిందని పెద్దవాళ్లే ముక్కులు చీదుకున్నారు.

అసలు తెలుగువాడికి ఈ మొహమాటం దేనికో అర్థం కాదు. 1957లో ‘మాయాబజార్’లో లడ్డూలు వాటంతటవే ఎగిరి ఎస్వీ రంగారావు నోట్లో పడుతుంటే ముసలీముతకా అంతా చూశారు. దాన్ని పిల్లల సినిమా అని ఎవరూ పక్కన పెట్టలేదు.

2010 నాటి ‘టాయ్ స్టోరీ 3’ ఆడవాళ్ల మీద దెబ్బ కొట్టింది. ఆ బొమ్మలతో ఆడుకుని పెరిగిన ఆండీ కాలేజీకి బయల్దేరతాడు. సర్దేసిన గదిలోకి వాళ్లమ్మ అడుగు పెడుతుంది, గోడలన్నీ బోసిగా ఉంటాయి. సెకన్ల సీను. ఆగస్టులో కూతుర్ని డార్మ్‌లో దింపి రావాల్సిన తల్లి పర్సులో టిష్యూల కోసం వెతుక్కోవడానికి అవి చాలు.

సినిమా అయ్యాక పేర్లు పడుతుంటే పిల్లాడు బాత్రూమంటూ చెయ్యి పట్టి లాగుతాడు. 1995లో వచ్చిన మొదటి ‘టాయ్ స్టోరీ’ నుంచీ, సినిమా తయారవుతున్న రోజుల్లో సిబ్బంది ఇళ్లలో పుట్టిన పిల్లల పేర్లు పిక్సార్ చివర్లో వేస్తూ వస్తోంది. అప్పటి పసికందులకి ఇప్పుడు 30 ఏళ్ల పైమాటే. ‘ఒక్క నిమిషం నాన్నా’ అంటూ తాతగారు లేవకుండా ఆ పేర్లు చదువుతూనే ఉంటారు.