అందరూ ఒకే పడవలోనా?

మదర్సాలకు సెలవులు షాబాన్ నెలాఖరున వస్తాయి. మా పిల్లలు చదివే బడికీ, కళాశాలకూ డిసెంబరు చివర క్రిస్మస్‌కు వస్తాయి. ఈ రెండూ కలిసే సంవత్సరాలు అరుదు. అందుకే జనగామలో ముప్ఫై ఏళ్లుగా పాఠాలు చెబుతున్న మేము, పిల్లలను వెంటబెట్టుకుని విహారానికి వెళ్లిన రోజులు వేళ్ల మీద లెక్కపెట్టదగినవే. ఈసారి మా చిన్న కుమారుడూ, కుమార్తే కలిసి పట్టుబట్టారు. క్రిస్మస్ సెలవుల్లో పాపికొండలకు లాంచీ ప్రయాణం చేయాలని వారి కోరిక. మదర్సాలో మూడు రోజుల అనుమతి దొరికింది. ఇక తేలవలసింది ఒక్కటే: వెళ్లాలా, వద్దా?

ముందుగా ఒక సందేహాన్ని తీర్చుకుందాం. అన్యుల పండుగ సెలవులో విహారమేమిటని ఒక మిత్రుడు అడిగారు. హజ్రత్ ఈసా (అ)ను అల్లాహ్ ప్రవక్తగా విశ్వసించనిదే మన ఈమాన్ పూర్తి కాదు. పండుగ ఆచారాలు వేరు, బడి ఇచ్చిన సెలవు వేరు. ఆ తీరికలో బంధువులను కలుసుకోవడం, అల్లాహ్ సృష్టిని చూడడం ఆ పండుగను జరుపుకోవడం కాదు. మా మనసులోని అసలు చిక్కు అది కాదు. అది నీటికి సంబంధించినది.

మాది కరువు సీమ. జనగామలో నీరంటే బావి అడుగున మెరిసే నీరు, వాన పడితే నిండి వేసవికి ఎండే చెరువు. ఇక్కడ పుట్టి పెరిగినవారిలో ఈత వచ్చినవారు తక్కువ, పడవ ఎక్కినవారు మరీ తక్కువ. అలాంటి వారికి గోదావరి మీద రోజంతా గడపడం చిన్న విషయం కాదు. మన వైపు నుండి వెళ్లేవారు సాధారణంగా భద్రాచలం చేరి, అక్కడి నుండి రోడ్డు మార్గాన పోచవరం రేవుకు వెళ్లి లాంచీ ఎక్కుతారు. అంత వెడల్పయిన నది రెండు వైపులా కొండలు దగ్గరపడే కొద్దీ ఇరుకవుతుంది. పేరంటపల్లి దగ్గర దిగి, చూసి, సాయంత్రానికి రేవుకు తిరిగి వస్తారు. పోలవరం జలాశయం నిండితే ఆ ఒడ్డున ఉన్న కొండరెడ్ల, కోయల గూడేలెన్నో మునుగుతాయి. మనం వినోదంగా చూసి వచ్చే ఒడ్డు మరొకరు వదులుకోవలసిన ఇల్లు అని పిల్లలకు చెప్పి మరీ తీసుకువెళ్లాలని అనుకున్నాము.

పెద్దవారి మాట వినకుండా నిర్ణయించడం మా ఇంటి పద్ధతి కాదు. కనుక నవంబరులో ఒక శుక్రవారం, జుమా నమాజు తరువాత, గోల్కొండ ఎక్స్‌ప్రెస్‌లో మహబూబాబాద్‌కు బయలుదేరాము. అక్కడ మా అత్తగారు ఉన్నారు. కాజీపేట దాటుతుండగా కడిపికొండ గుర్తుకు వచ్చింది. 2019 సెప్టెంబరు 15న పాపికొండల దారిలో, కచ్చులూరు వద్ద, రాయల్ వశిష్ఠ అనే పర్యాటక బోటు మునిగింది. అందులో కడిపికొండ నుండి బృందంగా వెళ్లినవారు ఉన్నారు. వారిలో పలువురు ఇల్లు చేరలేదు. ఆనాడు గోదావరి వరదలో ఉంది. నది మలుపు తిరిగే ఇరుకైన చోట, సుడులు తిరిగే ప్రవాహంలో బోటు తలకిందులైంది. కాకినాడకు చెందిన ధర్మాడి సత్యం బృందం లంగర్లు, ఇనుప తాళ్లతో శ్రమించి అక్టోబరు 22న దానిని వెలికి తీసింది. అన్నిటికన్నా మమ్మల్ని కలచివేసిన సంగతి మరొకటి. ప్రమాదం జరిగిన తరువాత ఆ బోటులో మొత్తం ఎంతమంది ఎక్కారన్నది వెంటనే తేలలేదు. ఒక్కొక్కరు ఒక్కొక్క లెక్క చెప్పారు.

పెద్దలు నేటికీ మానుకోట అని పిలుచుకునే మహబూబాబాద్‌లో రైలు దిగేసరికి పొద్దు వాలుతోంది. పత్తి లోడు బండ్లు మార్కెట్టు వైపు సాగుతున్నాయి. మా అత్తగారికి ఎనభై ఏళ్లు దగ్గరపడ్డాయి. కచ్చులూరు వార్తలు వచ్చిన రోజుల్లో ఆమె టీవీ ముందు నుండి లేవకుండా తస్బీహ్ చేస్తూ కూర్చున్నారు. కాబట్టి ససేమిరా వద్దంటారని మేము అనుకున్నాము. అందుకు తగిన సమాధానం కూడా సిద్ధం చేసుకున్నాము.

ఆమె వద్దనలేదు. మగ్రిబ్ నమాజు ముగించి, చాపను మడుస్తూ, "వెళ్లండి బేటా. కానీ అందరూ ఒకే పడవ ఎక్కకండి" అన్నారు.

మేము సిద్ధం చేసుకున్న ఉపన్యాసం అప్పుడు మొదలుపెట్టాము. మరణ సమయం ముందే రాసి ఉందనీ, మంచం మీద ఉన్నా వచ్చేది వస్తుందనీ, విశ్వాసికి తవక్కుల్ ఉండాలనీ చెప్పాము. ఉమ్మె హరామ్ (రజి) ఉదంతం కూడా వినిపించాము. సముద్ర ప్రయాణం చేసేవారిలో తనను చేర్చమని దుఆ చేయవలసిందిగా ఆమె దైవప్రవక్త (స)ను కోరారు. అలాగే సముద్రం దాటి సైప్రస్ దీవికి వెళ్లారు. కానీ ఆమె మరణించింది నీటిలో కాదు, ఒడ్డుకు చేరిన తరువాత వాహనం మీది నుండి పడి. అత్తగారు ఓపికగా అంతా విన్నారు. తరువాత నెమ్మదిగా అడిగారు: "కొడుకులందరినీ ఒకే ద్వారంలో నుండి పోవద్దని యాఖూబ్ (అ) చెప్పారని మీరే కదా మా ఇంట్లో చదివి వినిపించారు? ఆయనకు తవక్కుల్ లేదంటారా?"

మేము మౌనం వహించాము. ముప్ఫై ఏళ్లుగా సూరె యూసుఫ్ బోధిస్తున్నాము. కొడుకులను వేర్వేరు ద్వారాల గుండా పట్టణంలో ప్రవేశించమన్న ఆ తండ్రి, అల్లాహ్ నిర్ణయాన్ని తాను తప్పించలేనని కూడా అదే నోటితో ఒప్పుకున్నారు. జాగ్రత్త చెప్పినందుకు దివ్యఖుర్ఆన్ ఆయనను తప్పుపట్టలేదు. ఆయన జ్ఞానవంతుడని ప్రశంసించింది. దిష్టి తగులుతుందన్న భయంతో ఆయన అలా చెప్పారని వ్యాఖ్యాతల్లో చాలామంది రాశారు. కారణమేదైనా, తండ్రి గుండెలోని భయానికి అక్కడ గౌరవం దక్కింది. ఒంటెను కట్టివేసిన తరువాతే అల్లాహ్‌పై భారం వేయాలన్న ప్రవక్త (స) బోధ సారాంశమూ ఇదే. ఈ పాఠాన్ని మేము విద్యార్థులకు ఎన్నోసార్లు అప్పజెప్పించాము. మా ఇంటికి అన్వయించి చెప్పినది మాత్రం ఒక వృద్ధురాలు.

మరునాడు వరంగల్ చేరి, పరకాల మీదుగా బస్సులో భూపాలపల్లికి వెళ్లాము. మా పెద్ద అల్లుడు అక్కడ సింగరేణి భూగర్భ గనిలో పని చేస్తాడు. విషయమంతా విని అతడు నదిని గురించి ఏమీ అడగలేదు. "మామా, లాంచీలో మనుషుల్ని లెక్కపెడతారా?" అని మాత్రం అడిగాడు. గనిలోకి దిగేవారి లెక్క ఉంటుందట, పైకి వచ్చినవారి లెక్క ఉంటుందట. ఆ రెండూ సరిపోలాలి. తలకు కట్టుకునే దీపం సరిగా వెలగకపోతే దిగకూడదు. "భయంతో కాదు మామా, అది పని పద్ధతి" అన్నాడు.

ఆదివారం ఉదయం అతడు మమ్మల్ని కాళేశ్వరం తీసుకువెళ్లాడు. అక్కడ ప్రాణహిత వచ్చి గోదావరిలో కలుస్తుంది. ఆవలి ఒడ్డు మహారాష్ట్ర. వానాకాలం ఉరవడి తగ్గి, ఇసుక తిన్నెలు బయటపడి, నీరు నిదానంగా సాగుతోంది. ఈ నీరే దిగువన ఇంద్రావతిని కలుపుకుని, భద్రాచలం దాటి, శబరిని కలుపుకుని పాపికొండల మధ్యకు చేరుతుంది. ఇక్కడికి కొంత దిగువనే మేడిగడ్డ బ్యారేజీ ఉంది. 2023 అక్టోబరులో దాని పియర్లు కుంగాయి. అంతటి కాంక్రీటు కట్టడమే నది ముందు నిలవలేనప్పుడు, పడవ పాటిదేమిటని అనిపించింది. అంతలోనే మరో మాట తోచింది. నది సెప్టెంబరు వరదలో ఒక రకం, డిసెంబరు చివరలో మరొక రకం. దాని స్వభావాన్ని తెలుసుకుని, వేళ చూసి ప్రయాణించడానికే అల్లాహ్ మనకు బుద్ధిని ఇచ్చాడు. ఓడలు నీటిపై సాగడాన్ని తన సూచనలలో ఒకటిగా ఆయనే పేర్కొన్నాడు. చూడవద్దంటే ఆ సూచన ఎవరి కోసం?

ఆ ఒడ్డునే నిర్ణయించుకున్నాము. వెళ్తాము. ఒకే రోజున, రెండు వేర్వేరు లాంచీలలో వెళ్తాము. మాతో కుమారుడు, మా ఇంటి ఆమెతో కుమార్తె. టికెట్టు తీసుకునే ముందు ఫోనులో నాలుగు ప్రశ్నలు అడుగుతాము. ఆ రోజు లాంచీలు నడపడానికి అధికారుల అనుమతి ఉందా? ఎక్కినవారి పేర్లు రాసుకుని లెక్కిస్తారా? లైఫ్ జాకెట్లు అందరికీ సరిపడా ఉన్నాయా, పిల్లల కొలతవి ఉన్నాయా? వాటిని ప్రయాణమంతా తొడుక్కోనిస్తారా? ఒక్కదానికి సరైన జవాబు రాకపోయినా ఒడ్డు మీదే ఉండి నదిని చూసి వస్తాము. ఆ డబ్బు పోయినా నష్టం లేదు.

జుహర్ నమాజు లాంచీలోనే వస్తుంది. ప్రయాణికులము కనుక ఖస్ర్ చేస్తాము. నిలబడటం సాధ్యమైతే నిలబడి చదువుతాము. లాంచీ దిశ మారితే నమాజులోనే ఖిబ్లా వైపు తిరుగుతాము. హనఫీ ఫిఖ్‌హ్‌లో ఇది తెలిసిన విషయమే. భోజనం ఇంటి నుండి కట్టుకుని వెళ్తే ఆ సందేహమూ ఉండదు. ఎక్కేటప్పుడు హజ్రత్ నూహ్ (అ) ఓడ ఎక్కుతూ చేసిన దుఆను పిల్లల చేత చదివించాలి. దాన్ని ఇప్పటినుండే నేర్పుతున్నాము.

తిరుగు ప్రయాణంలో మళ్లీ మానుకోటలో ఆగి అత్తగారికి నిర్ణయం తెలిపాము. ఆమె తల ఊపి, ఇంకొక్క మాట అన్నారు. వచ్చేటప్పుడు అందరూ తన ఇంటి మీదుగానే రావాలట. "ఎంతమంది వెళ్లారో నాకు తెలుసు. వచ్చినవారిని నేనే లెక్కపెట్టుకుంటాను" అన్నారు.

ఈ సెలవుల్లో మీలో ఎవరు నీటి ప్రయాణం తలపెట్టినా, అల్లాహ్ మిమ్మల్ని వెళ్లినంతమందినీ క్షేమంగా ఇల్లు చేర్చుగాక! ఆమీన్.