సెన్ నది మీద భోజనం

పోయినేడు పారిస్‌లో ఉన్న మా అమ్మాయి, సెన్ నదిలో తిరుగుతూ రాత్రి భోజనం చేసే పడవకి టికెట్లు కొంది. ఈఫిల్ టవర్ దగ్గర ఎక్కాం. ఒక కుర్రాడు వంగి వడ్డిస్తుంటే నా చెయ్యి దానంతటదే గరిటె కోసం లేచింది. "అమ్మా, నువ్వు తిను" అంది. ముప్పై ఏళ్ళుగా అందరూ తిన్నాక చల్లారిన అన్నం తినే అలవాటు కదా, వేడి సూప్‌తో నాలుక కాల్చుకున్నాను!

కాంకార్డ్ వంతెన వచ్చింది. కూల్చేసిన బాస్టిల్ కోట రాళ్ళు ఇందులో ఉన్నాయనీ, ఒడ్డునున్న కూడలిలో 1793లో పదహారో లూయీ తల తెగిందనీ స్పీకర్లో చెప్పారు. స్త్రీల హక్కుల ప్రకటనని 1791లో రాసిన ఒలింప్ ద గూజ్‌నీ అక్కడే, అదే ఏడాది నవంబరులో గిలటిన్ ఎక్కించారు. ఆమె ఊసే లేదు. కోపం వచ్చింది గానీ ఎవరి మీదని? డిగ్రీ పిల్లలకి ఫ్రెంచి విప్లవం ఇన్నేళ్ళు చెప్పాను, ఒక్కసారీ ఆమె పేరెత్తలేదు. సిలబస్‌లో లేదు, నేనూ వెతకలేదు.

సిమోన్ ద బోవా పేరుతో 2006లో తెరిచిన కాలిబాట వంతెన ఇంకా ఎగువన ఉంది. మా పడవ అక్కడిదాకా పోకుండానే వెనక్కి తిరిగింది.

కుర్రాడు ప్లేట్లు తియ్యడానికి వచ్చేసరికి, నేను వాటిని ఒకదాని మీద ఒకటి పేర్చేసి ఉన్నాను. అమ్మాయి నవ్వలేదు.