బీరువా వెనుక తడి



మీ యింట ఎన్నడైనను కుక్కపిల్లను పెంచితిరా? పెంచియుండినయెడల నా పాట్లు మీకు వెంటనే బోధపడును.

గత సంవత్సరము మా కుమారుడు ఊరినుండి వచ్చి, రెండు నెలల పొమరేనియన్ పిల్లను నా ఒడిలో పెట్టి, "ఒంటరిగా ఉన్నారు గదా నాన్నా, మీకు తోడుగా ఉంటుంది" అని చెప్పి వెళ్లెను. అది కిలో తూగునో లేదో. ఆ రాత్రి మొదలుకొని చాప మీద, మంచము క్రింద, నా చెప్పులలో, ఎక్కడ చూచినను తడియే.

ముప్పది యేండ్లు బడిలో పిల్లలను దిద్దినవాడను, దీనిని దిద్దలేనా అనుకొంటిని. వార్తాపత్రికను చుట్టి కొట్టితిని. తడి యున్న చోటికి ఈడ్చుకొనిపోయి దాని ముక్కును నేలకు రుద్దితిని. వారము తిరుగకముందే గచ్చు మీద తడి కనబడుట మానెను. గెలిచితినని సంతోషించితిని. ఒకనాడు వాసన వచ్చుచుండగా బీరువాను జరిపి చూచితిని. అది మానలేదు, నా కంటబడకుండ చేయుట నేర్చుకొన్నది! నేను గదిలో అడుగు పెట్టగానే చెవులు వాల్చి వణకుచుండెను. "చూడండి, తప్పు చేశానని దానికి తెలుసు" అని పొరుగువారితో చెప్పితిని.

టీకా వేయించుటకు పోయినప్పుడు పశువైద్యురాలితో ఈ సంగతి చెప్పగా ఆమె నవ్వలేదు. ఇంత చిన్న జాతికి మూత్రాశయమును చిన్నదే. రెండు నెలల పిల్ల పగటివేళ రెండు మూడు గంటలకంటె ఎక్కువ ఆపుకొనలేదు. అది మొండితనము కాదు, వయస్సు, అని చెప్పెను. నిద్ర లేచిన వెంటనే, మేత తిన్న కొంతసేపటికి, ఆట ముగిసిన పిదప, రాత్రి పడుకొనకముందు, ఒకే చోటికి తీసికొనిపొమ్మనెను. టీకాలు పూర్తి యగువరకు వీధిలోనికి గాక పెరటిలోనికే. పని ముగించిన క్షణమందే మెచ్చుకొని చిన్న తినుబండారము పెట్టవలెను. ఆలస్యమైనచో ఎందుకు మెచ్చుకొంటిమో దానికి తెలియదు. దండనయు అంతే. 2009లో న్యూయార్కులోని బర్నార్డు కళాశాలకు చెందిన అలెగ్జాండ్రా హొరోవిట్జ్ 14 కుక్కలను పరీక్షించి ప్రచురించిన సంగతియు చెప్పెను. ఏ తప్పును చేయని కుక్కలు సహితము యజమాని గద్దించినప్పుడు ఆ 'దోషి ముఖము' పెట్టినవట. అది పశ్చాత్తాపము కాదు, మన కోపమునకు జవాబు.

ఆ మాట వినుచుండగా నాకు కుక్కపిల్ల కాదు, మావాడు జ్ఞాపకమునకు వచ్చెను. ఏడేండ్ల ప్రాయమున వాడు పక్క తడుపుచుండెడివాడు. సిగ్గు తెలియవలెనని ఆ పక్కగుడ్డను వీధి అరుగు మీద ఆరవేయించితిని. కొన్ని దినములకు వాడు తెల్లవారకముందే లేచి, తానే ఉతికి, దొడ్డిలో కట్టెల వెనుక ఆరవేసికొన సాగెను. బుద్ధి వచ్చినదని అందరితోను చెప్పుకొంటిని.

ఆ రాత్రి వానికి ఫోను చేసితిని. కుక్కపిల్ల సంగతి చెప్పి, ఆ పక్కగుడ్డ సంగతియు ఎత్తితిని. కొంతసేపు మాట లేదు. "మీకు గుర్తుందా నాన్నా?" అని మాత్రము అడిగెను.

"తప్పు నాదిరా" అంటిని. ఆ మాట అనుటకు నాకు నలుబది యేండ్లు పట్టెను.

మరునాటి నుండి అలారము పెట్టుకొని, పిల్లను ఎత్తుకొని పెరటిలోని జామచెట్టు క్రిందికి పోవుచుంటిని. పొరపాటు జరిగిన చోట మాట లేకుండ తుడిచి, వాసనను పూర్తిగా పోగొట్టు మందుతో కడిగితిని. వాసన మిగిలినచో మరల అక్కడికే పోవును గదా. నాలుగు నెలలు పట్టెను. ఇప్పుడు అవసరమైనప్పుడు తలుపు దగ్గర నిలిచి నా ముఖము చూచును. అయితే నేను వార్తాపత్రికను విప్పినప్పుడు నేటికిని ఒక అడుగు వెనుకకు వేయును.

చదువరీ, మీ యింట తడి కనబడుట మానినప్పుడు త్వరపడి సంతోషింపకుడి. ముందు బీరువా వెనుక చూడుడి.