మా నాయన దగ్గు, నేను బట్టీ పట్టిన టి సెల్స్

పోస్టు కొంచెం పెద్దది, ఓపిగ్గా చదవండి. ఇన్నాళ్ళు దాచిన మాట ఒకటి ఇందులో చెప్తున్నా.

మాది ఆదోనికి, ఎమ్మిగనూరుకు మధ్యలో ఒక తండా. పంట పోయిన ఏడాది మావాళ్ళంతా గుంటూరు దిక్కు మిరపకాయలు కోయడానికి సుగ్గికి పోతారు. 2025లో ఉగాదికి తిరిగొచ్చిన మా నాయనకు దగ్గు ఆగలేదు. మిరప ఘాటు అనుకున్నాం. ఎమ్మిగనూరులో టానిక్కులు కొని రెండు నెలలు తాగించినాం. మనిషి 41 కిలోలకు వచ్చినాక ఆదోనిలో కఫం పరీక్ష చేయిస్తే టీబీ అని తేలింది. ఆరు నెలల మాత్రలు మొదలుపెట్టినారు. హాస్టల్లో ఫ్రెండ్స్ అడిగితే నిమోనియా అని అబద్ధం చెప్పినా. సిగ్గనిపించింది.

రెండు నెలలకు దగ్గు పోయింది. నాయన "నాకు బాగయిందిలే" అని మాత్రలు ఆపేసి, మార్కెట్ యార్డులో పత్తి మూటలు మోయడానికి పోయినాడు. అమ్మ ఫోన్ చేసి చెప్పింది. "పరీక్షలయ్యాక వస్తాలేమ్మా" అన్నాను. పన్నెండు రోజులు గడిచిపోయినాయి.

ఆ పరీక్ష కోసమే ఇమ్యూనిటీ పాఠం బట్టీ పడుతున్నా. టి సెల్స్, వాటి రకాలు. ఇంటర్ నుంచి చదువుతున్నదే. ఆ రాత్రి మాత్రం పుస్తకంలో ఉన్నది మా నాయన ఛాతీ గురించే అనిపించింది. నాకు అర్థమైనట్టు చెప్తా.

ఛాతీ ఎముక వెనక థైమస్ అనే గ్రంథి ఉంటుంది. టి సెల్స్ తయారయ్యేది అక్కడే, ఆ 'టి' అక్షరం దానిదే. టీబీ క్రిమి గాలితో ఊపిరితిత్తుల్లోకి పోతే, మాక్రోఫేజ్ అనే కణం దాన్ని మింగుతుంది. కానీ ఈ క్రిమి మొండిది, మింగిన కణంలోనే బతుకుతుంది. అప్పుడు హెల్పర్ టి సెల్ వచ్చి ఇంటర్‌ఫెరాన్ గామా అనే సంకేతం ఇస్తే మాక్రోఫేజ్‌కు క్రిమిని చంపే బలం వస్తుంది. చేనులో మేస్త్రి ఒక్క కాయ కూడా కోయడు, కానీ ఆయన లేకుంటే కూలీలు ఎటు పోవాలో తెలియక నిలబడిపోతారు. హెల్పర్ కూడా అంతే. కిల్లర్ టి సెల్ క్రిమి చేరిన కణాన్నే చంపేస్తుంది. రెగ్యులేటరీ టి సెల్ మన తండా పెద్ద లాంటిది, "చాలు, ఇంక ఆపండి" అంటుంది. అది లేకుంటే మన శరీరాన్ని మన కణాలే పాడుచేస్తాయి. దీని మీద పనిచేసినందుకే సకగుచి, బ్రంకో, రామ్స్‌డెల్ అనే ముగ్గురికి 2025లో నోబెల్ వచ్చింది. ఇక మెమరీ టి సెల్స్ ఒకసారి చూసిన శత్రువును ఏళ్ళ తరబడి గుర్తుపెట్టుకుంటాయి.

ఇవన్నీ కలిసి క్రిమి చుట్టూ కంచె కడతాయి. అందుకే క్రిమి సోకిన పదిమందిలో తొమ్మిదిమందికి జన్మంతా టీబీ జబ్బు రాదు. హెచ్ఐవీ హెల్పర్లనే చంపుతుంది కాబట్టి ఆ కంచె కూలుతుంది. ఆకలి కూడా దాన్ని బలహీనం చేస్తుంది. తిండి సరిగ్గా లేని పిల్లల్లో థైమస్ కుంచించుకుపోతుంది. సుగ్గిలో మా నాయన మూడు నెలలు టార్పాలిన్ గుడారంలో పడుకుని, కారం మెతుకులు తిని కాయ కోసినాడు. కంచె ఎట్ల నిలబడుతుంది?

ఇంకో సంగతీ అర్థమైంది. దగ్గు పోయిందంటే క్రిములన్నీ చచ్చినట్టు కాదు. నిద్రపోయేవి మిగిలే ఉంటాయి. మాత్రలు సగంలో ఆపితే మందుకు లొంగని టీబీగా మారొచ్చు. తెల్లారి మొదటి బస్సెక్కినా. నాయన కాసేపు తిట్టినాడు, తర్వాత నాతో ఆసుపత్రికి వచ్చినాడు. మళ్ళీ పరీక్ష చేసినారు. మందులు ఇంకా పనిచేస్తున్నాయని తేలినాకే నాకు ఊపిరి ఆడింది.

ఇంట్లో అందరికీ పరీక్షలు చేసినారు. చెల్లెలి ముంజేతి చర్మంలోకి చిన్న సూది వేసి, రెండు రోజులయ్యాక చూస్తే గట్టిగా వాచింది. అమ్మ భయపడింది. "మెమరీ టి సెల్స్ అక్కడికి గుంపుగా వచ్చినాయమ్మా, క్రిమిని అవి ముందే చూసినాయి" అని చెప్పినా. ఎక్స్‌రే బాగుంది, అంటే జబ్బు లేదు, క్రిమి మాత్రం ఉంది. జబ్బు రాకుండా మాత్రలు ఇచ్చినారు.

జార్ఖండ్‌లో టీబీ రోగుల కుటుంబాలకు మంచి రేషన్ ఇచ్చి చూసినారు. ఇంట్లో మిగతావాళ్ళకు టీబీ రావడం దాదాపు 40 శాతం తగ్గిందని 2023లో తేలింది. నిక్షయ్ పోషణ్ కింద రోగికి ఇచ్చే సాయం 2024 నవంబర్ నుంచి నెలకు 1000 రూపాయలు. ఆ డబ్బుతో మా అమ్మ గుడ్లు, శెనక్కాయలు, బేడలు కొంటుంది. అది కూడా మందే అని ఇప్పుడు నాయనకు చెప్పాల్సిన పని లేదు.

నాయన కోర్సు పూర్తయింది. ఇప్పుడు 49 కిలోలు. మన తండాల్లో, గూడేల్లో ఎవరికైనా రెండు వారాలు దాటి దగ్గుంటే కఫం పరీక్షకు తీసుకుపోండి, ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితమే. మాత్రలు ఆపేస్తామని ఇంటి నుంచి ఫోన్ వస్తే, నాలాగా పరీక్షలయ్యాక చూద్దామనుకోకండి. నిమోనియా అని అబద్ధం చెప్పిన ఫ్రెండ్స్ కూడా ఈ గ్రూపులో ఉన్నారు. క్షమించండి రా.