తాళంచెవి ఎవరి దగ్గరుంది?

సంక్రాంతి వెళ్లిన వారానికి ఒంగోలు దగ్గరి పల్లె నుంచి ఫోనొచ్చింది. "మేడం, మా అమ్మ కార్తీకంలో పోయింది. మీరప్పట్లో ఆమెని కూర్చోబెట్టి రెండ్రోజులు మాట్లాడించారు కదా. ఆ కాయితాలుంటే ఇస్తారా? మా పిల్లలకి చదివి వినిపిస్తాను" అందామె.

2014 నాటి సంగతి. పీహెచ్‌డీ కోసం శ్రామిక స్త్రీల ఆత్మకథనాల మీద పనిచేస్తూ, పొగాకు గ్రేడింగ్‌కి వెళ్లే పంతొమ్మిది మంది స్త్రీలతో మాట్లాడాను. ఆకు రంగు చూసి, చేత్తో తడిమి రకం చెప్పగలిగే ఆ స్త్రీలు తమ బతుకుల్ని కూడా అంత నిదానంగానూ విప్పి చెప్పారు. నా థీసిస్‌లోకి వచ్చింది అందులో పదో వంతు కూడా కాదు. రికార్డరు డిపార్టుమెంటుది కాబట్టి తిరిగి ఇచ్చేశాను. మాటలన్నీ టైపై నా కంప్యూటర్లో భద్రంగా ఉన్నాయని ధైర్యం.

"తప్పకుండా పంపుతానమ్మా" అని ఫైలు తెరిచాను. పేజీ నిండా ఇంగ్లిషు అక్షరాలు, డాలరు గుర్తులు, అర్థంకాని గీతలు. ఒక్క తెలుగు ముక్క లేదు.

కారణం కష్టమైనదేం కాదు. అప్పట్లో డీటీపీ సెంటర్లలో వాడిన తెలుగు ఫాంట్లలో చాలావాటికి తెలుగు అక్షరమంటే ఏమిటో తెలియదు. ఇంగ్లిషు అక్షరాల స్థానాల్లో మన గుడింతాలనీ వత్తులనీ బొమ్మల్లా అతికించేవారు. ఆ ఫాంటు ఉంటేనే అది తెలుగు. ఆ ఫాంటు పనిచేయాలంటే కంపెనీ అమ్మిన సాఫ్ట్‌వేరు, దానికి తోడు కంప్యూటరుకి గుచ్చే వేలెడంత డాంగిల్ ఉండాలి. నిజానికి 1991లో వచ్చిన యూనికోడ్ తొలి కూర్పులోనే తెలుగుకు చోటుంది. ప్రతి అక్షరానికీ ప్రపంచమంతా ఒప్పుకున్న సంఖ్య ఉంది. అయినా మన అచ్చు వ్యవహారం చాలాకాలం ఆ తాళాల గదుల్లోనే నడిచింది.

పేజీలు పెట్టిన సాఫ్ట్‌వేరు కొత్త కూర్పును ఇప్పుడు కొనుక్కోవడం కుదరదు, ఏటా అద్దె కట్టాలి. ఫలానా కాలేజీలో గెస్ట్ ఫ్యాకల్టీని నేను. విద్యాసంస్థ మెయిలుంటే రాయితీ అన్నారు. ఏటా ఏప్రిల్లో తీసేసి, మళ్లీ జులైలో పిలిచే ఉద్యోగానికి మెయిలెవరిస్తారు? కస్టమర్ కేర్‌కి ఫోను చేస్తే ఒకటి నొక్కమంది, మూడు నొక్కమంది, చివరికి ఆ పాత కూర్పుకి సహాయం ఆపేశామని చెప్పింది. అవతల మనిషి కూడా లేడు, కోప్పడడానికి.

ఇది నా ఒక్కదాని గొడవ కాదు. 2009లో అమెజాన్ తన కిండిల్ పరికరాల్లోంచి, పాఠకులు డబ్బిచ్చి కొనుక్కున్న జార్జ్ ఆర్వెల్ '1984' ప్రతుల్ని రాత్రికి రాత్రే తీసేసింది. అమ్మినవాళ్లకి హక్కుల్లేవని కారణం చెప్పి డబ్బు వాపసిచ్చింది, తర్వాత క్షమాపణ కూడా చెప్పుకుంది. ఆ పుస్తకం మీద నోట్సు రాసుకున్న ఒక విద్యార్థికి మాత్రం ఆ నోట్సు దేనికీ కొరగాకుండా పోయింది. పుస్తకం ఖరీదు తిరిగొచ్చింది గానీ చదివిన శ్రమకి ఖరీదు కట్టేవాళ్లెవరు?

వర్జీనియా వుల్ఫ్ 1929లో స్త్రీకి సొంత గది కావాలన్నప్పుడు ఆ గది తలుపుకి తాళం కూడా ఉండాలంది. ఆ తాళం లోపల కూర్చుని రాసుకునే స్త్రీ చేతిలోది. మేమో, రాసుకున్నది లోపల వదిలి బయట నిలబడ్డాం. అత్తగారి బొడ్లో ఉన్న బీరువా తాళాల గురించి ఎన్ని కథలు చదివాం, ఎన్ని వ్యాసాలు రాశాం! నా పరిశోధనకి ఎవరు తాళం వేశారో మాత్రం పదేళ్లు గమనించలేదు.

చివరికి ఆ డీటీపీ సెంటర్లో టైపు చేసినామె నంబరు వెతికి పట్టుకున్నాను. సెంటరు ఎప్పుడో మూసేశారట. సిస్టం పాతసామానుకి వేశారు, డాంగిల్ ఏమైందో తెలియదు. "కానీ మేడం, మీరు దిద్ది ఇచ్చిన ప్రూఫులు కొన్ని నా దగ్గరే ఉన్నాయి. ఆ ఆడవాళ్ల మాటలు బాగున్నాయని పారెయ్యబుద్ధి కాలేదు" అంది.

నాకు మాట రాలేదు. నా థీసిస్ కృతజ్ఞతల పేజీలో గైడు ఉన్నారు, గ్రంథాలయాలున్నాయి, స్నేహితులున్నారు. పంతొమ్మిది మంది జీవితాలని అక్షరం అక్షరంగా కొట్టిన ఈమె పేరు లేదు. ఆమెకి పేజీకింత అని డబ్బిచ్చాను కదా అనుకున్నాను.

పద్నాలుగు మంది ప్రూఫులు దొరికాయి. ఆ తల్లివి కూడా ఉన్నాయి, చివరి రెండు పేజీలు తప్ప. వాటిలో ఆమె ఏం చెప్పిందో నాకిప్పుడు జ్ఞాపకం లేదు. ఆ మాటే కూతురికి చెప్పాను. "పోన్లెండి మేడం, ఉన్నదే పంపండి" అంది.

రోజూ రాత్రి రెండు పేజీల చొప్పున యూనికోడ్‌లో మళ్లీ టైపు చేస్తున్నాను, ఏ కంపెనీ గడపా తొక్కకుండా ఎవరైనా తెరుచుకోగలిగే మామూలు ఫైళ్లలో. ఈసారి ప్రతి ఫైలు మొదట్లో మాట్లాడినామె పేరుతో పాటు, మొదట టైపు చేసినామె పేరూ రాస్తున్నాను.

మీ కంప్యూటర్లలో కూడా పాత ఇంటర్వ్యూలు, మన సభల వ్యాసాలు, చిన్న పత్రికల సంచికలు ఉండే ఉంటాయి. ఒకసారి తెరిచి చూడండి.