న్యూయార్కులో నేల టిక్కెట్టు

మా నాన్న దగ్గర నేల టిక్కెట్టు కథలు బోలెడు. నేల, బెంచీ, కుర్చీ, బాల్కనీ అని సినిమా హాల్లో చాతుర్వర్ణ్యం నడిచేదట. నేలవాళ్ళు ఇసుకంతా కుప్ప చేసుకుని దాని మీద ఎక్కి కూర్చుంటే వెనక బెంచీవాళ్ళు బూతులు లంకించుకునేవాళ్ళట. శ్రీరామనవమి పందిట్లో తెర కట్టి వేసే సినిమాలైతే మరీనూ. ఇటు చోటు దొరకనివాళ్ళు తెర వెనకాల కూర్చునేవారు. వాళ్ళకి పేర్లన్నీ తిరగబడి కనిపించేవి, భీముడు ఎడంచేత్తో గద తిప్పేవాడు. నేను హాలుకెళ్ళే వయసొచ్చేసరికి నేల పోయి అంతా కుర్చీలయిపోయాయి. ఇక ఈ జన్మకి ఆ యోగం లేదనుకున్నాను. తీరా చూస్తే మన్‌హాటన్ నడిబొడ్డున, 42వ వీధి పక్కన, బ్రయంట్ పార్కులో దొరికింది. పైగా టిక్కెట్టే లేదు :)

ఇక్కడ వేసవిలో సోమవారాలు పెద్ద తెర కట్టి సినిమా వేయడం 1990ల్లో మొదలయింది. మేం వెళ్ళిన ఏడాది సాయంత్రం అయిదింటికి గడ్డి మీదకి వదిలేవారు. అప్పటిదాకా జనమంతా దుప్పట్లు చంకలో పెట్టుకుని చుట్టూ అంచుల్లో నిలబడతారు. వదిలారా, ఇక పరుగే పరుగు. టై కట్టుకున్న పెద్దమనుషులు కూడా పరిగెత్తడం నేను కళ్ళారా చూశాను. సంక్రాంతి ముందు బస్సు కిటికీలోంచి సీటు మీద రుమాలు విసిరే మన విద్య ఇక్కడ బాగా పనికొస్తుంది. అయిదు నిమిషాల్లో పచ్చదనం మాయం, అన్నీ దుప్పట్లే. కుర్చీలు, ప్లాస్టిక్ పట్టాలు గడ్డి మీద వేయనివ్వరు. కోటీశ్వరుడైనా కిందే కూర్చోవాలి.

ఆ తరవాత మూడు గంటల పైన ఊరికే కూర్చోవడం. జూన్‌లో ఇక్కడ ఎనిమిదిన్నర దాకా పొద్దు గుంకదు మరి. మీరేమంటారో గానీ, నన్నడిగితే ఆ మూడు గంటలే అసలు సినిమా. పక్క దుప్పటివాళ్ళు చీజు కోసుకుంటుంటారు, ఇటువైపు ఎవరో పేకాట. మేం పులిహోర డబ్బా తీస్తే అదేంటని అడిగేవాళ్ళు, పెడితే తిని నీళ్ళు వెతుక్కునేవాళ్ళు (గోదావరి జిల్లా మిరపకాయలు కదా). సినిమాలు ఎక్కువగా పాతవే. సగం మందికి డైలాగులు నోటికొచ్చు, తెరతో పాటు చెబుతుంటారు. తెర మీద ఛేజింగు జరుగుతుంటే 42వ వీధిలో నిజం ఫైరింజను కూస్తూ పోతుంది. ఏది సినిమాదో ఏది ఊరిదో తెలియక అందరం ఒకేసారి తల తిప్పుతాం. హెచ్‌బీవో వాళ్ళు స్పాన్సర్ చేసిన రోజుల్లో వాళ్ళ ట్యూను రాగానే జనమంతా లేచి డాన్సు చేసేవారట. మొదటి రోజు మొదటి ఆట చూసినవాళ్ళకి ఇది విచిత్రంగా ఏమీ అనిపించదు.

ఇప్పుడింత ముచ్చటగా ఉన్న ఈ పార్కు 1970ల్లో మత్తుమందులు అమ్ముకునేవాళ్ళ అడ్డా. మామూలు జనం పక్కనుంచి కూడా పోయేవారు కాదు. విలియం వైట్ అనే ఆయన ఊళ్ళో జనం ఎక్కడ కూర్చుంటారు, ఎక్కడ కూర్చోరు అన్నది ఏళ్ళ తరబడి గమనించిన మనిషి. పార్కుని వీధికి కనపడకుండా దాచేసే అడ్డంకులు తీసేసి తెరిచి పెట్టండి, జనానికి ఇష్టమొచ్చిన చోటికి జరుపుకునే కుర్చీలు ఇవ్వండి అన్నది ఆయన సలహాల సారాంశం. 1988లో మూసి, బాగుచేసి, 1992లో తెరిచారు. గడ్డి కింద నేలమాళిగలో పక్కనున్న పబ్లిక్ లైబ్రరీవాళ్ళ పుస్తకాలు లక్షల్లో ఉన్నాయి. అంటే మనం పులిహోర తినేది సరస్వతీదేవి నెత్తిమీద. పార్కుని నడిపేది లాభాపేక్ష లేని ఒక సంస్థ. హోటలు అద్దెలూ స్పాన్సర్ల డబ్బులూ వాళ్ళ ఆదాయం. కాబట్టి ఉచితం అంటే మన తరఫున ఇంకెవరో కట్టారని అర్థం, బదులుగా మనం వాళ్ళ ప్రకటనలు చూడాలి. మల్టీప్లెక్సులో డబ్బులు కట్టి మరీ అవే చూస్తున్నాం కదా, ఇక బాధేముంది?

సరే, అసలు విషయానికొస్తా. నేనీ సినిమాల్లో పడింది కళాపోషణ కోసం కాదు, మా రూమ్మేటు వల్ల. 2023 వేసవి అది. వాడికి చదువు తరవాతి వర్క్ పర్మిట్ ఆగస్టుతో సరి. హెచ్‌వన్‌బీ లాటరీలో రెండుసార్లు రాలేదు, ఆ మార్చిలో మూడోసారీ రాలేదు. ఆ ఏడు 85 వేల వీసాలకి 7 లక్షల 80 వేల పైన రిజిస్ట్రేషన్లు పడ్డాయని ఇది చదివే చాలామందికి గుర్తుండే ఉంటుంది. మిగిలిన ఆశల్లా రెండో విడత డ్రా ఒకటి తీస్తారేమోనని. ఇంటి దగ్గర చదువు అప్పు ఇంకా తీరలేదు. తిరిగెళ్తే జీతం రూపాయల్లోకి మారిపోతుంది, వాయిదా మాత్రం మారదు. దాంతో వాడు డాలరు డాలరు దాచడం మొదలెట్టాడు.

ఇక్కడ ఒక చిన్న సంగతి. స్నేహితులు శనివారం బయటికెళ్ళి తినడం, తరవాత యాప్‌లో లెక్కలు పంచుకోవడం మనందరికీ అలవాటే. వాడికి బాగా తక్కువ పడేలా నేను లెక్క రాస్తే వాడికి తెలిసిపోయేది. మొత్తం నేనే కట్టేస్తే మొహం మాడ్చుకునేవాడు. చివరికి ఆకలి లేదని చెప్పి రావడం మానేశాడు. మన హీరోల ప్రీమియర్ షోలకి ఇక్కడ 25, 30 డాలర్లు గుంజుతారు. వాటికి తలనొప్పి అనేవాడు. అంత సినిమా పిచ్చోడు, మొదటి రోజు తలనొప్పి!

గడ్డి మీద ఆ గొడవే లేదు. జర్నల్ స్క్వేర్ నుంచి పాత్ రైలుకి అప్పట్లో రానూ పోనూ అయిదున్నర డాలర్లు, పులిహోర ఇంటిది, సినిమా ఊరిది. ఎవరూ ఎవరికీ బాకీ లేదు. వాడు మళ్ళీ మనిషయ్యాడు. ఎక్సెల్ షీటు తెరిచాడు (టెస్టింగు మనిషి, ఊరుకుంటాడా). సోమవారం బ్రయంట్ పార్కు. జులై, ఆగస్టుల్లో గురువారం బ్రూక్లిన్ బ్రిడ్జి పార్కు. అక్కడ తెర వెనక నదీ, మన్‌హాటన్ దీపాలూ ఉంటాయి, సినిమా బాగోకపోయినా నష్టం లేదు. ఇంట్రెపిడ్ అనే పాత యుద్ధనౌక డెక్కు మీద వేసేది ఒకటి. వరస వరసకీ వర్షం వచ్చే అవకాశం, ఆఖరి రైలు, దగ్గర్లో బాత్రూము. రాత్రి పదకొండు దాటితే రైలు హోబోకెన్ చుట్టి వచ్చేది కాబట్టి దానికో కాలమ్.

జులై మధ్యలో ఒక చిన్న పార్కులో 'కాసాబ్లాంకా' వేశారు. 1942 నాటి సినిమా, మొట్టమొదట ఆడింది ఈ న్యూయార్కులోనే. యుద్ధం నుంచి పారిపోయి మొరాకో చేరిన జనం అమెరికా వెళ్ళడానికి కాగితాల కోసం పడిగాపులు పడుతుంటారు. నటించినవాళ్ళలో చాలామంది నిజంగానే యూరప్ నుంచి అలా పారిపోయి వచ్చినవాళ్ళు. అందులో బల్గేరియా నుంచి వచ్చిన ఒక కుర్ర జంట ఉంటుంది. వీసాకి డబ్బు చాలక ఆ కుర్రాడు రూలెట్ ఆడి ఉన్నది కూడా పోగొట్టుకుంటుంటాడు. హంఫ్రీ బోగార్ట్ వచ్చి 22 మీద పెట్టమంటాడు. 22 పడుతుంది. తీయకు, అక్కడే ఉంచు అంటాడు. మళ్ళీ 22. ఆట అతని క్లబ్బులోదే, చక్రం అతని మాట వింటుంది.

చుట్టూ ఉన్న జనం చప్పట్లు కొట్టారు. మావాడు కొట్టలేదు. కాసేపాగి, "మనకి ఇరవై రెండు చెప్పేవాడు లేడు కదా మామా" అన్నాడు. నేనేం అనలేదు. పక్క దుప్పటి మీద ఒక పెద్దావిడ మావాణ్ణి చూసి, కళ్ళు తుడుచుకుంటున్నాడనుకుందో ఏమో, తన చేతిలో ఉన్న టిష్యూల ప్యాకెట్టు ఇటు జరిపింది. వాడు నిజంగానే ఒకటి తీసుకున్నాడు.

జులై ఆఖరున రెండో విడత డ్రా తీశారు. వాడి పేరు రాలేదు. వాడి కంపెనీ హైదరాబాదు ఆఫీసుకి మార్చింది. ఆగస్టు చివర్లో దింపడానికి ఎయిర్‌పోర్టుకెళ్ళాను. అదంతా రాయడానికి ఏం లేదు, మీలో చాలామంది అలా ఎవరో ఒకర్ని దింపే ఉంటారు.

తరవాత ఇక్కడ మనవాళ్ళని చాలామందిని పిలిచాను. "ఓటీటీలో లేదా? దోమలు కదా? కారు ఎక్కడ పెడతాం?" ఇవీ జవాబులు. ఎడిసన్ నుంచి వచ్చి మూడు గంటలు గడ్డి మీద కూర్చోమంటే కష్టమే, కాదనను. కానీ పదేళ్ళుగా ఇక్కడుండి, ఆఫీసు, కాస్ట్‌కో, ఎవరిదో ఒకరి బేస్‌మెంటు తప్ప ఈ ఊళ్ళో ఎక్కడా కింద కూర్చోని వాళ్ళు నాకు తెలుసు. గ్రీన్ కార్డు వచ్చాక చూద్దాం అంటారు. గడ్డి మీద కూర్చోడానికి దేనికండీ గ్రీన్ కార్డు?

హైదరాబాదులో ఇలాంటివి లేవని మాత్రం అనకండి. బంజారాహిల్స్‌లో 2010లో మొదలైన లామకాన్ ఉంది. రవీంద్రభారతిలో పైడి జైరాజ్ ప్రివ్యూ థియేటరులో కొత్త దర్శకుల సినిమాలు ఉచితంగా వేసిన శనివారాలున్నాయి. అయితే అవన్నీ తెలిసినవాళ్ళు వెతుక్కుని వెళ్ళేవి. దారిన పోయేవాడు ఆగి కూర్చునేవి కావు. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఆ ఊళ్ళో వాన తక్కువ, ఉక్కపోతుండదు, ఏడింటికల్లా చీకటి. ఆరుబయట సినిమాకి అంతకంటే మంచి వాతావరణం న్యూయార్కుకెక్కడిది? 2021లో ట్యాంక్‌బండ్ మీద ఆదివారం సాయంత్రాలు బళ్ళు ఆపేసి జనానికి వదిలితే ఎలా వచ్చారో చూశాం కదా. ఆ జనానికి ఒక తెర కడితే చాలు.

వాడి షీటు నా దగ్గరే ఉంది. ఏటా తేదీలు మార్చి వాడుతున్నాను. పోయినేడు తెరిచి చూస్తే పక్కన హైదరాబాదు పేరుతో కొత్త ట్యాబు కనపడింది, వాడే కలిపాడు. దోమలకి ఒక కాలమ్, చాయ్ ధరకి ఒక కాలమ్. ఇప్పటికి నాలుగు వరసలు నిండాయి.