సీటు వెనక్కి తిరిగిన సైకిలు

మన ఊళ్లలో అద్దె సైకిళ్ల షాపులుండేవి, గుర్తున్నాయా? గంటకింతని మాట్లాడుకుని, పుస్తకంలో టైము రాయించుకుని, బెల్లు తప్ప అన్నీ మోగే బండెక్కి పోయేవాళ్లం. అందులో ఉన్న సుఖమల్లా, పోట్లాడటానికి ఎదురుగా ఒక మనిషి ఉండటం. "చైను ఊడుతోంది బాబాయ్" అంటే విసుక్కుంటూనే ఎక్కించి ఇచ్చేవాడు. కష్టమల్లా, బండిని మళ్లీ ఆ షాపుకే తెచ్చి అప్పగించడం. ఇక్కడ తీసుకుని ఊరవతల వదిలేస్తానంటే ఊరుకుంటాడా మరి?

పారిస్‌వాళ్లు 2007 జులై 15న సరిగ్గా ఆ సదుపాయమే మొదలుపెట్టారు. దాని పేరు వెలిబ్. లియోన్ నగరం రెండేళ్ల ముందే చేసి చూపించిందనుకోండి, పేరు మాత్రం పారిస్ కొట్టేసింది. ఒక సైకిల్ స్టేషన్లో బండి తీసి ఇంకో స్టేషన్లో తగిలించేసి పోవచ్చు. మొదలైనప్పుడు ఏడాది చందా 29 యూరోలు ఉండేది. ఎక్కిన ప్రతిసారీ మొదటి అరగంట ఉచితంగా ఉండేది. మొదట్లో సైకిళ్లు సుమారు 10 వేలు, ఒక్కోటి 22 కిలోల పైమాటే. అంత బరువున్నా వేల కొద్దీ ఎత్తుకుపోయారు. ఆ కథ ఇంకోసారి చెప్పుకుందాం.

ఇంతకీ ఎక్కేవాళ్లకి తృప్తి దేంట్లో ఉంటుందంటారు? సీటు మెత్తదనమూ గేర్లూ రంగూ అనుకుంటాం. నన్నడిగితే అవన్నీ తర్వాత. బయల్దేరేచోట సైకిలుండాలి, చేరినచోట దాన్ని తగిలించడానికి ఖాళీ ఉండాలి. ఈ రెంటిలో రెండోదే మహా కష్టం. సైకిలు దొరక్కపోతే తిట్టుకుంటూ మెట్రో ఎక్కుతాం. ఖాళీ దొరక్కపోతే? ఆఫీసు ఎదురుగానే ఉంటుంది, టైము దాటిపోతుంటుంది, చేతిలో 22 కిలోల ఇనుము! అద్దె లెక్క మాత్రం ఆగదు. అప్పుడు స్టేషన్లో ఉన్న మిషను ఇంకో 15 నిమిషాలు ఉచితంగా ఇచ్చి, వేరే స్టేషన్ వెతుక్కోమనేది. మర్యాదగానే ఉంది కదా! పక్క స్టేషన్ కూడా నిండి ఉంటే ఆ మర్యాదని ఏం చేసుకుంటాం?

పైగా పారిస్ చదునైన ఊరేం కాదు. మోమార్త్ గుట్ట ఉంది, బెల్‌విల్ ఎత్తు ఉంది. జనం పొద్దున్నే పైనుంచి జుయ్యిమంటూ దిగిపోయి, సాయంత్రం బుద్ధిగా మెట్రోలో ఇంటికి చేరేవారు. వాళ్లని ఎలా తప్పుపడతాం? కానీ పైన స్టేషన్లు ఖాళీ, కింద స్టేషన్లు కిటకిట. లారీలు సైకిళ్లని ఎక్కించుకుని మళ్లీ పైకి మోసేవి. 2008లో, ఎత్తు మీదున్న స్టేషన్లో సైకిలు పెట్టినవాళ్లకి అదనంగా 15 నిమిషాలు బహుమతి అన్నారు. దిగేవాళ్లు దిగుతూనే ఉన్నారు.

నాకు అన్నిటికన్నా నచ్చింది ఇంకోటుంది. సైకిలు చెడిపోయిందని తెలిస్తే, అక్కడివాళ్లు దాని సీటుని వెనక్కి తిప్పి పోతారు. వెనకాల వచ్చేవాడు చూసి దాని జోలికి వెళ్లడు. ఏ ఆఫీసరూ పెట్టిన నియమం కాదది. మనిషి లేని షాపులో ఒకరికొకరు చెప్పుకునే మాట. సర్వేలో "మీ అభిప్రాయం ఒకటి నుంచి అయిదు మధ్య చెప్పండి" అనేదానికన్నా, వరసలో ఎన్ని సీట్లు వెనక్కి తిరిగి ఉన్నాయో లెక్కపెట్టుకుంటే చాలదూ?

2018 జనవరిలో వెలిబ్‌ని నడిపే కంపెనీ మారింది. కొత్త స్టేషన్లు సగానికి సగం కూడా సిద్ధం కాలేదు. కొన్నిటికి కరెంటు కనెక్షనే లేక బ్యాటరీల మీద నెట్టుకొచ్చారు. నెలల తరబడి రభస, చందాదారులకి డబ్బు వాపసు. విసిగినవాళ్లు విసిగి మానేశారు. తర్వాత ఎప్పుడో ఎక్కేవాళ్లని ఆపి "ఎలా ఉందండీ?" అని అడిగితే బాగుందనే అంటారు. బాగాలేదనేవాళ్లు అక్కడ ఉంటేగా!

అసలు చిక్కేమిటంటే, ఇందులో మీ తృప్తికీ నా తృప్తికీ సఖ్యత కుదరదు. పొద్దున ఎనిమిదిన్నరకి చివరి సైకిలు మీరు తీస్తే, తర్వాత వచ్చిన నేను మెట్రో మెట్లు దిగాల్సిందే. న్యూయార్క్‌లో 2013లో మొదలైన సిటీ బైక్‌వాళ్లు ఈ సంగతి గ్రహించి లారీలతో పాటు జనాన్నే పనిలో పెట్టారు. నిండిన చోటు నుంచి తీసి ఖాళీగా ఉన్నచోట పెట్టినవాళ్లకి పాయింట్లిస్తారు. వాళ్లకి 'బైక్ ఏంజెల్స్' అని బిరుదు కూడా. పాయింట్ల కోసం అందరూ పోయే దారికి ఎదురు తొక్కేవాళ్లు తయారయ్యారు. మన షాపు బాబాయ్ వింటే, "నా బండి తొక్కి నన్నే డబ్బులడుగుతావా?" అని తరిమి కొట్టేవాడు.